తోకకప్పల్ని ఇంట్లో పెంచుకోవచ్చా? గుంటలో బ్లీచింగ్ చల్లాలా?

స్వాతి గారూ, మీరు రాసిందంతా చదివాను. సర్జాపూర్ రోడ్డులో మీ అపార్ట్‌మెంట్ వెనక, రెండో టవర్ కోసం తవ్వి వదిలేసిన గుంటలో వాన నీళ్లు నిలిచాయి. రాత్రంతా కప్పల గోల. అసోసియేషన్ గ్రూపులో ఒకరు బ్లీచింగ్ పౌడర్ చల్లిద్దామంటే ఇంకొకరు జేసీబీ పెట్టి పూడ్పిద్దామంటున్నారు. ఈలోగా నాలుగో తరగతి చదివే మీ పాప ఆ గుంటలోంచి గిన్నెడు తోకకప్పల్ని తెచ్చి బాల్కనీలో టబ్బులో వేసింది. అవి రోజూ తగ్గిపోతున్నాయని ఏడుస్తోంది. వాటి బదులు పెట్ షాపులో చూసిన కొమ్ముకప్పను కొనిద్దామని మీవారు అంటున్నారు. ఇవి విషమా, పెంచుకోవడం చట్టరీత్యా తప్పా, ఎలా పెంచాలి, అరుపులు ఎలా ఆపాలి, ఇదీ మీ టెన్షన్.

ముందు తొందర పనులు చెప్తాను. టబ్బులో మిగిలినవాటిని ఈ సాయంత్రమే, ఎండ తగ్గాక, తెచ్చిన గుంటలోనే వదిలేయండి. కైకొండ్రహళ్లి చెరువు దగ్గరే కదా అని అక్కడ వదలకండి. బ్లీచింగ్ వేయనివ్వకండి. కొమ్ముకప్ప కొనకండి. పాపకు కప్పల మీద పుట్టిన ఇష్టాన్ని మాత్రం పోనివ్వకండి, దానికి టబ్బుకన్నా మంచి దారులున్నాయి. నేను హిందూపురంలో పుట్టి, ఇక్కడ బెంగళూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. వానాకాలం వస్తే టార్చి పట్టుకుని గుంటల వెంట తిరగడం ఇప్పటికీ మానలేదు. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

టబ్బులో అవి ఎందుకు తగ్గుతున్నాయో చూద్దాం. కుళాయి నీళ్లు పోశామన్నారు. కావేరీ నీళ్లయితే అందులో క్లోరిన్ ఉంటుంది. మనకు వాసన మాత్రమే తెలిసేంత క్లోరిన్ తోకకప్ప మొప్పల్ని దెబ్బతీస్తుంది. కప్ప జాతి ఒంటికి మనలా బయట, లోపల అనే గట్టి అడ్డుగోడ లేదు. పెద్ద కప్ప నీళ్లు నోటితో తాగదు, పొట్ట కిందా తొడల దగ్గరా ఉన్న పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంతవరకు చర్మంతోనే. అందుకే చేతికి రాసుకున్న శానిటైజర్, దోమల క్రీము, కడిగేయని సబ్బు, ఇవన్నీ తిన్నగా దాని ఒంట్లోకి పోతాయి. రెండోది ఇరుకు. గిన్నెడు తోకకప్పలు ఒక్క టబ్బులో ఉంటే వాటి మలంలోంచి వచ్చే అమ్మోనియాయే చాలు. మూడోది తిండి. పాప అన్నం మెతుకులు వేస్తోందన్నారు. అవి రాత్రికి పులిసి నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి.

ఇవి కాక నాలుగో కారణం ఉండొచ్చు. ఒకటి గుర్తు తెచ్చుకోండి: పొద్దున చూస్తే చచ్చినవి తేలుతూ కనిపిస్తున్నాయా, లేక శవాలు లేకుండానే సంఖ్య తగ్గుతోందా? శవాలు లేకపోతే, మిగతావాటికన్నా పొడుగ్గా, బలంగా, మట్టిరంగులో ఉన్నది ఒకటో రెండో ఉన్నాయేమో చూడండి. అది బోదురు కప్ప, అంటే బుల్‌ఫ్రాగ్ పిల్ల అయ్యుంటుంది. తోకకప్పలన్నీ పాచి నాకి బతికే సాధువులని స్కూల్లో చెప్తారు గానీ, బోదురు కప్ప పిల్ల వేటగాడు. దోమ లార్వాల్ని తింటుంది, పక్క తోకకప్పల్ని తింటుంది, ఆకలేస్తే తోబుట్టువునీ వదలదు. టబ్బులో పారిపోయే చోటుండదు కాబట్టి వారంలో టబ్బంతా దానిదే అవుతుంది.

తోకకప్పను చూసి జాతి తెలుసుకోవడం పాపకు మంచి ఆట. నల్లగా, బొగ్గు తునకల్లా, గుంపులుగా అంచుల దగ్గర కదులుతుంటే గోదురు కప్ప, అంటే ఒళ్లు గరుగ్గా ఉండే టోడ్ పిల్లలు. వీటి తల్లి గుడ్లను జిగురు దారంలో వరసగా గుచ్చినట్టు పెడుతుంది. గడ్డి మొదళ్లకు చుట్టుకుని రెండు దారాలు మూరల కొద్దీ ఉంటాయి, వాటిలో గుడ్లు వేలల్లో. గాజులా ఒళ్లంతా పారదర్శకంగా ఉండి, నీటి మధ్యలో కదలకుండా వేలాడుతున్నట్టు కనిపిస్తే అవి మైక్రోహైలా, రెండు రెండున్నర సెంటీమీటర్లు దాటని బుల్లి కప్పల పిల్లలు. అవి నోటితో నీళ్లు లాగి, అందులోని సన్నటి నలుసుల్ని వడకట్టుకుని తింటాయి. వాటికి మీరు ఉడికించిన పాలకూర వేసినా ఆకలితో చస్తాయి. గుంట పైన కొమ్మకో గోడకో తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉంటే అది చెట్టుకప్ప గూడు. గుడ్లు ఆ నురగలోనే పిల్లలై, వాన పడ్డప్పుడు ఆ పిల్లలు జారి నీళ్లలో పడతాయి. పాత ఇళ్లలో స్నానాల గదిలో, తొట్టి గోడ మీద చతికిలబడి ఉండే గోధుమరంగు కప్ప ఇదే.

పెద్ద కప్పగా మారే ఘట్టాన్ని టబ్బులో చూపించాలని చాలామంది తల్లిదండ్రులు ఆశపడతారు, మీరూ అదే రాశారు. అది నిజంగా చూడాల్సిన సంగతే. వెనక కాళ్లు ముందు వస్తాయి, తోక మొదట్లో చిన్న మొటిమల్లా మొదలై రోజురోజుకూ సాగుతాయి. ముందు కాళ్లు అలా పెరగవు. అవి చర్మం లోపలే పూర్తిగా తయారై ఉంటాయి, భుజాల దగ్గర ఉబ్బెత్తుగా మోచేయి కదలడం కనిపిస్తుంది. ఒకరోజు పొద్దున చూస్తే చెయ్యి బయటికి వచ్చేసి ఉంటుంది. చాలా జాతుల్లో తోకకప్ప ఎడమ పక్కన మొప్పల నీళ్లు బయటికి పోయే ఒక రంధ్రం ఉంటుంది, ఎడమ చెయ్యి తరచూ అందులోంచే తోసుకొస్తుంది. కుడి చేతికి ఆ వసతి లేదు, చర్మాన్ని చీల్చుకుని రావాలి. ఆ నాలుగైదు రోజులు అది ఏమీ తినదు. నోరు పాచి గీకే నోటి నుంచి పురుగుల్ని పట్టే నోటిగా మారుతూ ఉంటుంది, శాకాహారానికి అలవాటైన పొడుగు పేగు పొట్టిదవుతుంది, తన తోకనే కరిగించుకుని బతుకుతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి. నున్నటి ప్లాస్టిక్ టబ్బులో ఎక్కి కూర్చునే గట్టు లేక, సరిగ్గా ఇక్కడే, కప్ప అయిన రోజునే మునిగి చస్తాయి. పిల్లలకు ఇంతకన్నా ఏడుపు తెప్పించేది లేదు.

ఇక చట్టం. బోదురు కప్ప 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జాతి. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో రెండో అనుబంధంలోనూ ఉంది. ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు టన్నుల కొద్దీ యూరప్, అమెరికాలకు ఎగుమతి అయ్యేవి, పొలాల్లో కప్పలు కరువయ్యాక 1987లో ఆపేశారు. చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ తోకకప్ప ఏ జాబితాలోదో టబ్బులోకి చూసి మీరూ నేనూ తేల్చలేం. అందుకని మన దేశపు కప్పను ఏదైనా సరే పట్టి ఇంట్లో ఉంచుకోకూడదనే లెక్కలో ఉండండి. పాప తెచ్చినందుకు ఎవరూ వచ్చి పట్టుకోరు, ఆ భయం పెట్టుకోకండి. మా కాలంలో అయితే కాలేజీలకే గోనెసంచుల్లో బోదురు కప్పలు వచ్చేవి. ప్రాక్టికల్స్ రోజు బల్లకొక కప్పను మేకులతో బిగించేవాళ్లం. 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక ఆ సంచులు రావడం మానేశాయి. కంప్యూటర్ మీద చూపిస్తే ఏం నేర్చుకుంటారని గొణిగిన సహోద్యోగులు ఉన్నారు. నాకైతే హాయిగా అనిపించింది.

అదే గుంటలో వదలమన్నాను కదా, దానికి కారణం ఒక బూజు. కైట్రిడ్ అనే ఈ శిలీంధ్రాన్ని శాస్త్రవేత్తలు 1999లో పేరు పెట్టి వర్ణించారు. కప్ప చర్మంలోని కెరాటిన్ మీద, అంటే మన గోళ్లలో ఉండేలాంటి గట్టి ప్రోటీన్ మీద పెరుగుతుంది. చర్మం ద్వారానే లవణాల సమతూకం కాపాడుకునే జీవి కాబట్టి సోడియం, పొటాషియం తగ్గి చివరకు గుండె ఆగిపోతుంది. 2019లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం ప్రపంచంలో 501 ఉభయచర జాతులు ఈ జబ్బు వల్ల తగ్గిపోయాయి, వాటిలో 90 అంతరించినట్టే. మన పశ్చిమ కనుమల్లోనూ ఈ బూజు ఉన్నట్టు తేలింది. ఇందులో మోసం ఏమిటంటే, తోకకప్పకు కెరాటిన్ నోటి చుట్టూనే ఉంటుంది. కాబట్టి అది చావదు, చక్కగా ఈదుతూనే జబ్బును మోస్తుంది. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాటిని పుణ్యం కదా అని ఇంకో చెరువులో వదిలితే ఏం వదిలామో మనకు తెలియదు. జబ్బు లేకపోయినా ఇదే మాట. మన బోదురు కప్ప చేపపిల్లల లోడుతో కలిసి అండమాన్ దీవులకు చేరింది. అక్కడ దాని పిల్లలు స్థానిక కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి. ఇక్కడ రక్షించాల్సిన జాతే అక్కడ బెడద.

కొమ్ముకప్ప సంగతికి వస్తాను. మీరు ఫొటో పెట్టారు, ఆకుపచ్చ మీద గోధుమ మచ్చలతో, ఒళ్లంతా నోరే అన్నట్టుంది. షాపుల్లో ప్యాక్‌మాన్ కప్ప అంటారు. దక్షిణ అమెరికాది. పిల్లల కోసమైతే ఇంతకన్నా నిరాశ కలిగించే జంతువు లేదు. మట్టిలో సగం పూడుకుపోయి, నోటి ముందుకు ఏదైనా వచ్చేదాకా రోజుల తరబడి కదలదు. పాప వేలు నోటి ముందుకు వెళ్తే కరుస్తుంది, వదలదు. పదేళ్ల దాకా బతుకుతుంది, అంటే మీ పాప ఇంజనీరింగ్‌కి వెళ్లాక కూడా దానికి బతికున్న పురుగుల్ని కాల్షియం పొడి అద్ది వేసే డ్యూటీ మీదే. షాపువాణ్ణి దిగుమతి కాగితాలు అడిగి చూడండి, మాట మారుస్తాడు. ఇదే షాపుల్లో రంగురంగుల విషకప్పలు కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. అలాంటి సైటిస్ జాబితా విదేశీ జీవుల్ని ఉంచుకునేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అక్వేరియం షాపుల్లో తెల్లగా, ఎర్ర కళ్లతో అమ్మే అల్బినో కప్పలు ఆఫ్రికావి. 1930ల నుంచి గర్భ పరీక్షల కోసం వాటిని ప్రపంచమంతా తిప్పారు. కైట్రిడ్‌ను మోసే జాతుల్లో అదొకటి. ఇప్పటికే ఎవరైనా కొనేసి ఉంటే దాన్ని చెరువులో వదలొద్దని, తొట్టి కడిగిన నీళ్లు కాలవలో పొయ్యొద్దని చెప్పండి. ఆ నీళ్లలో బ్లీచింగ్ కలిపి కాసేపు ఉంచి బాత్రూమ్ డ్రైనేజీలో పోయాలి. బ్లీచింగ్‌కు కప్పలతో ఉన్న మంచి ఉపయోగం అదొక్కటే.

కప్పల్ని పెంచి జాతిని కాపాడిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. టాంజానియాలో కిహాన్సి అనే జలపాతం తుంపర్లలో మాత్రమే బతికే ఒక చిన్న గోదురు కప్ప ఉండేది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. 2000లో అక్కడ డ్యామ్ మొదలై తుంపర్లు ఆగాయి. దాదాపు 500 కప్పల్ని అమెరికా జంతు ప్రదర్శనశాలలకు తీసుకెళ్లి పెంచారు. తర్వాత లోయలో మిగిలినవి కూడా పోయాయి, 2009లో అడవిలో అంతరించిందని ప్రకటించారు. లోయలో గొట్టాలతో కృత్రిమంగా తుంపర్లు ఏర్పాటు చేసి, 2012లో ఆ సంతతిని వెనక్కి తెచ్చి వదిలారు. దానికి ఎంత ఖర్చు, ఎంతమంది వైద్యులు, ఎన్ని క్వారంటైన్ గదులు కావాలో ఊహించుకోండి. చివరికి వాళ్లు కూడా చేసింది ఏమిటి? పోయిన తుంపర్లను తిరిగి తెచ్చారు. కప్పను పెంచడం సగం పనే, దాని చోటును ఉంచడం అసలు పని. మీ విషయంలో ఆ చోటు ఉచితంగా ఇంటి వెనకే ఉంది, దాన్నే పూడ్చాలని చూస్తున్నారు.

అరుపుల గురించి. అరిచేవి మగవి. ఆడవాటిని పిలవడానికి అరుస్తాయి, అందుకే మంచి వాన పడ్డ రెండు మూడు రాత్రులు గోల మిన్నంటుతుంది. జతలు కట్టి గుడ్లు పెట్టాక తగ్గిపోతుంది. మళ్లీ పెద్ద వానకు మళ్లీ మొదలు. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల మామిడి జల్లులతో మొదలై సెప్టెంబర్, అక్టోబర్ దాకా ఇలా విడతలు విడతలుగా నడుస్తుంది. బ్లీచింగ్ చల్లితే అరుపు ఆగదు, ఎందుకంటే అరిచే కప్పలు పగలు గుంటలో ఉండవు. మట్టిలో, రాళ్ల సందుల్లో, పూలకుండీల కింద ఉంటాయి. చచ్చేది తోకకప్పలు, తూనీగ పిల్లలు, నీటి పురుగులు. అంటే దోమ లార్వాల్ని తినేవన్నీ. క్లోరిన్ ఎండకు కొద్ది రోజుల్లో ఎగిరిపోతుంది. వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అయిపోతుంది కాబట్టి ఖాళీ చేసిన గుంటలోకి మొట్టమొదట తిరిగొచ్చేవి దోమలే. ఈ ముక్క మీటింగ్‌లో గట్టిగా చెప్పండి.

అలాగని కప్పలుంటే డెంగీ రాదని మాత్రం చెప్పకండి, అది నిజం కాదు. పెద్ద కప్పల తిండిలో చీమలు, చెదలు, పేడపురుగులే ఎక్కువ, ఎగిరే దోమలు తక్కువ. డెంగీ దోమకు మీ గుంటకన్నా మీ బాల్కనీ ఇష్టం. పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కూలర్ అడుగు, మూతలేని డ్రమ్ము, ఇవీ దాని పుట్టిళ్లు. వారానికోసారి వాటిని బోర్లించే డ్యూటీ ఫ్లాట్‌కొకరికి వేయించండి. తోటమాలికి కలుపు మందు కొట్టొద్దని కూడా చెప్పాలి. గ్లైఫోసేట్ మందుల్లో ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థం తోకకప్పలకు ప్రాణాంతకం. ఇంకో తెలివైనవాడు గప్పీ చేపలు వదులుదామంటాడు, ఎప్పుడూ ఒకడుంటాడు. గప్పీలూ గంబూసియాలూ దోమ లార్వాల్నే కాదు, కప్ప గుడ్లనూ అప్పుడే పుట్టిన పిల్లల్నీ తింటాయి. చేపలు లేని నీళ్లు, అందులోనూ వేసవిలో ఎండిపోయే నీళ్లు, కప్పలకు దొరికే అతి పెద్ద అదృష్టం. ఎండిపోతుంది కాబట్టే అక్కడ చేపలుండవు.

బెంగళూరు చెరువుల బాగుచేతలో నాకు బాధ కలిగించేది ఇదే. మురుగు ఆపుతున్నారు, మంచిదే. కానీ పూడిక తీసి, అంచులన్నీ నిటారుగా రాతికట్టుతో బిగించి, చుట్టూ నడక దారి, దీపాలు పెడతారు. కప్పకు కావలసింది మోకాలి లోతు కూడా లేని, గడ్డితో నిండిన, ఏటవాలు ఒడ్డు. పక్షుల్ని లెక్కపెట్టడానికి వందమంది వస్తారు, ఒడ్డు పోయిందని అడిగేవాడు లేడు. బెళ్లందూరు చెరువు నురగ గురించి పేపర్లన్నీ రాశాయి. బీడు భూముల్లోని వానగుంటలు లేఅవుట్లయిపోవడం గురించి రాసింది తక్కువ. అలాంటి చోట ఏముందో చెప్పనా? 2020లో ఈ నగర శివార్లలో, రాజానుకుంటె దగ్గర దొరికిన ఒక బొరియకప్పకు స్ఫెరోథీకా బెంగళూరు అని కొత్త జాతిగా పేరు పెట్టారు. అడవిలో కాదు, ఊరికి ఆనుకుని ఉన్న బంజరులో. కప్పల శాస్త్రానికి ఈ ఊరు కొత్త కూడా కాదు. సెంట్రల్ కాలేజీలో జువాలజీ చెప్పిన సి.ఆర్. నారాయణరావు గారు దక్షిణాది కప్పల్లో ఎన్నో కొత్త జాతుల్ని వర్ణించారు. ‘కరెంట్ సైన్స్’ పత్రికకు తొలి సంపాదకుడూ ఆయనే. ఆయన జాతుల పేర్లకు ఆధారంగా దాచిన నమూనాలు తర్వాతి కాలంలో పోయాయి. పొదకప్పల్లో ఒక ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, 2010లో రావోర్కెస్టెస్ అని ఆయన పేరు కలిపి పెట్టారు.

పాప సంగతి. కప్పల్ని చదవడానికి పట్టుకోనక్కర్లేదు, చెవులుంటే చాలు. వాన వెలిసిన రాత్రి ఎనిమిదికి గుంట ఒడ్డున నిలబడి ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. ప్రతి జాతికీ తన అరుపు ఉంది. గోదురు కప్పది తెంపు లేకుండా సాగే సన్నటి గుర్రు, చెట్టుకప్పది ఆగి ఆగి టక్ టక్, బోదురు కప్పది గొంతు లావుగా, దూరం నుంచే తెలుస్తుంది. బుల్లి మైక్రోహైలా తన సైజుకు పదింతలు గొంతు వేసుకుని అరుస్తుంది. టార్చి వెలుగులో దాని గొంతు సంచి ఒంటితో సమానంగా ఉబ్బడం చూస్తే పాప టబ్బు మాట మర్చిపోతుంది. జత కట్టే కాలంలో మగ బోదురు కప్ప నిమ్మపండు పసుపు రంగులోకి మారి, గొంతుకు రెండు వైపులా నీలం సంచులు ఊదుతుంది. వానకు నేలలోంచి వచ్చే బెలూన్ కప్పలుంటాయి, యుపెరోడాన్లు, గుండ్రంగా ఉబ్బి నీళ్ల మీద తేలుతూ అరిచి, నాలుగు రోజుల్లో మళ్లీ మట్టిలోకి పోతాయి. ఏడాదిలో మిగతా రోజులు మీ కాళ్ల కిందే ఉంటాయి.

ఒక నోట్‌బుక్ ఇవ్వండి. తేదీ, టైము, వాన పడి ఎన్ని గంటలైంది, ఎన్ని రకాల అరుపులు వినిపించాయి, అంతే. ఫొటోలూ శబ్దాలూ ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ పెడితే జాతి గుర్తుపట్టేవాళ్లు ఉంటారు, ఆ రికార్డు పరిశోధకులకు పనికొస్తుంది. పగలు తోకకప్పల్ని దగ్గరగా చూడాలంటే తెల్ల పళ్లెంలో గుంట నీళ్లే పోసి, నీడలో పది నిమిషాలు ఉంచి, భూతద్దంతో చూసి అక్కడికక్కడే వదిలేయాలి. ఇంకో గుంటకు వెళ్లే ముందు చెప్పులు కడిగి పూర్తిగా ఎండనివ్వాలి, కైట్రిడ్ ఎండకు బతకదు. కప్ప తినడం కనిపిస్తే కళ్లు చూడమనండి. మింగేటప్పుడు కళ్లు మూసుకుపోయి లోపలికి దిగుతాయి, నోట్లోని పురుగును గొంతులోకి నెట్టడానికి ఆ కనుగుడ్లు కూడా సాయపడతాయి. ఒక్క జాగ్రత్త: కప్పలున్నచోటికి పాములొస్తాయి. రాత్రి గమ్‌బూట్లు లేకుండా, పెద్దవాళ్లు లేకుండా గడ్డిలోకి వెళ్లనివ్వకండి. కట్లపాము, రక్తపింజరి రెండూ ఈ చుట్టుపక్కల ఉన్నాయి.

విషమా అని అడిగారు. ముట్టుకుంటే పులిపిర్లు రావు, అవి మనుషుల వైరస్ వల్ల వస్తాయి. గోదురు కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో మాత్రం గుండె మీద పనిచేసే విషం ఉంది. నోట్లోకి, కంట్లోకి పోకూడదు. మీ ఇంట్లో కుక్క ఉందన్నారు. అది గోదురు కప్పను కరిస్తే నోట నురగ కక్కుతుంది. తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోరు పక్కనుంచి కడిగి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పాప చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకునే ముందు కడుక్కుంటే సబ్బు పోయేదాకా కడగాలి, అది కప్ప కోసం. మా వైపు వానలు పడకపోతే కప్పను రోకలికి వేపాకుల మధ్య కట్టి ఇంటింటికీ తిప్పేవాళ్లు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు దాని మీద చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. వాన సంగతి ఏమో గానీ, కప్ప ఎండిపోకుండా ఇల్లు చేరేది ఆ చెంబెడు నీళ్ల వల్లే.

గుంటను శాశ్వతంగా ఉంచడం కుదరదు, టవర్ కట్టక మానరు, నాకు తెలుసు. బిల్డర్‌ను అడగాల్సింది గడువు. గుడ్డు నుంచి కప్ప కావడానికి జాతిని బట్టి నాలుగైదు వారాల నుంచి రెండు నెలలు. ఇప్పుడున్నవి గట్టెక్కేదాకా జేసీబీ ఆగితే చాలు. అవి బయటికొచ్చే వారం గోరంత పిల్లకప్పలు వందల్లో లాన్ మీద ఉంటాయి, ఆ వారం గడ్డి కోసే మిషన్ తిప్పొద్దనండి. దానికి బదులుగా పార్కు మూల, వీధిదీపం పడని చోట, ఒక చిన్న మడుగు అడగండి. రెండు మీటర్ల వెడల్పు, మధ్యలో అడుగు లోతు, పిల్లలు తిరిగే చోటు కాబట్టి అంతకు మించొద్దు, చుట్టూ చిన్న కంచె. ఒక ఒడ్డు తప్పకుండా ఏటవాలుగా ఉండాలి. డాబా మీది వాన నీళ్ల పైపు అందులోకి తిప్పండి. చేపలు, ఫౌంటెన్, టైల్స్ ఏవీ వద్దు. పక్కన టైల్స్ వేయని గుల్ల మట్టి నాలుగు గజాలు, ఎండుటాకుల కుప్ప ఒకటి. కప్పల్ని తెచ్చి వేయకండి, వాటంతటవే వస్తాయి. ఇంకుడు గుంతల్లోనూ స్విమ్మింగ్ పూల్ అంచునా పడ్డవి ఎక్కిరావడానికి ముతక తాడో గోనెపట్టానో వేలాడదీయించండి. దానికి అసోసియేషన్ ఓటింగ్ కూడా అక్కర్లేదు.

ఈ వారంలో ఎప్పుడు వాన పడినా ఆ రికార్డింగ్ ఇక్కడ పెట్టండి, టబ్బులోని పెద్ద తోకకప్పను వదిలే ముందు పైనుంచీ పక్కనుంచీ ఫొటో తీసి జత చేయండి. ఏవేవి ఉన్నాయో చూసి, ఎన్ని వారాలు గడువు అడగాలో మీటింగ్ లోపు చెప్తాను.